నొప్పులకు వెళ్తే మనసు జబ్బన్నారు

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మా అత్తమ్మకు 54 ఏళ్లు. ఐదేళ్లుగా షుగర్ ఉంది, గోలీలు వాడుతోంది. రెండేళ్ల కింద మామయ్య చనిపోయాడు. ఏడాదిగా ఒళ్లంతా నొప్పులు, కాళ్లు గుంజుడు, తల దిమ్ము, గుండెదడ అంటోంది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర వారానికోసారి గ్లూకోజ్ పెట్టించుకుంటుంది. నల్గొండలో ప్రైవేటు దవాఖానలో ఎక్స్‌రేలు, స్కానింగ్, గుండె పరీక్షలు అన్నీ చేయించాం. ఏమీ లేదన్నారు. పోయిన నెల షుగర్ గోలీల కోసం ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్తే అక్కడి డాక్టరమ్మ ఒక కాగితం ముందు పెట్టుకుని తొమ్మిది ప్రశ్నలు అడిగింది. అత్తమ్మ సరిగా మాట్లాడదని నేనే జవాబులు చెప్పాను. చచ్చిపోతే బాగుండని అనిపిస్తోందా అన్నది చివరి ప్రశ్న. అయ్యో, అట్లాంటిదేమీ లేదు మేడం అన్నాను. డిప్రెషన్ అని చెప్పి 15 రోజులకు గోలీలు రాసింది. అత్తమ్మ ఐదు రోజులు వేసుకుని, కడుపులో తిప్పుతోందని మానేసింది. అవి పిచ్చి గోలీలు, మొదలుపెడితే జీవితాంతం మింగాలె అని ఊళ్లో అంటున్నారు. మా ఆయన హైదరాబాద్‌లో డ్రైవరు, నెలకు రెండుసార్లు వస్తాడు. పని తప్పించుకోవడానికి నాటకాలాడుతోంది అంటాడు. నిజం చెప్పాలంటే ఒక్కోసారి నాకూ అలాగే అనిపించి కోపం వస్తుంది. నొప్పులకు పోతే మనసు జబ్బు అంటారా? గోలీలు మళ్లీ మొదలుపెట్టాలా? మేం ఏం చేయాలి?
– ఒక కోడలు, నల్గొండ జిల్లా

జవాబు: అమ్మా, మీరు అడిగినవాటన్నిటికీ చెప్తాను. అంతకంటే ముందు, మీరు ప్రశ్నగా అడగకుండా రాసేసిన ఒక మాట గురించి మాట్లాడాలి. అది ఈ రోజే చూడాల్సిన సంగతి.

డాక్టరమ్మ చివరగా అడిగినదానికి ‘అట్లాంటిదేమీ లేదు’ అని చెప్పింది మీరు. అత్తమ్మ ఏమంటుందో ఎవరూ వినలేదు. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. మన దగ్గర పెద్దవాళ్లను దవాఖానకు తీసుకెళ్లినవాళ్లే మాట్లాడతారు, పెద్దవాళ్లు పక్కన స్టూలు మీద కూర్చుని వింటారు. డాక్టర్లు కూడా పని తొందరగా అవుతుందని వెంట వచ్చినవాళ్ల వైపే చూస్తారు. జ్వరానికి, దెబ్బకు అలా జరిగిపోతుంది. ఈ ప్రశ్నకు అలా కుదరదు. మామయ్య పోయాక కొడుకు సంపాదన మీద, కోడలి చేతి ముద్ద మీద బతుకుతున్న మనిషి, ఆ కోడలు పక్కనే ఉండగా ‘నాకు బతకాలని లేదు’ అని ఎలా చెప్తుంది? చెప్తే మిమ్మల్ని నింద వేసినట్టు అవుతుందని కూడా అనుకుంటుంది.

కాబట్టి మీరే అడగండి. పిల్లలు పడుకున్నాక, ఇద్దరూ ఏ కూరగాయలో తరుగుతూనో చింతపండు గింజలు తీస్తూనో కూర్చున్నప్పుడు, మెల్లగా అయినా సూటిగా అడగండి: ‘అత్తమ్మా, ఈ నొప్పులతోటి నీకు బతుకు మీద విసుగొస్తున్నదా? చచ్చిపోవాలన్న ఆలోచన వస్తున్నదా?’ ఇలా అడిగితే లేని ఆలోచన పుట్టించినవాళ్లమవుతామేమోనని చాలామంది భయపడతారు. అలా జరగదు. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదని, పైగా లోపల దాచుకున్నది బయటపెట్టే దారి దొరుకుతుందని మనోవైద్యులు ఎన్నో ఏళ్లుగా చెప్తున్నారు. ఆమె అవునంటే బిత్తరపోకండి. ‘గట్ల అనకు, మనవలను చూసి బతకాలె’ అని వెంటనే నోరు మూయించకండి. కాసేపు విని, ఎన్నాళ్ల నుంచి అనిపిస్తోంది, ఎలా చేసుకోవాలని ఏమైనా అనుకున్నావా అని అడగండి. ‘దేవుడు నన్నెప్పుడు తీసుకపోతడో’ అనే మాట మన ముసలివాళ్ల నోట ఊరికే వస్తూనే ఉంటుంది. ఆ మాట ఒక్కటే వింటే కంగారు పడాల్సిన పని లేదు. అది రోజూ వినబడుతూ, తిండి తగ్గి, రాత్రి నిద్రలేక తిరుగుతూ, మెడలోదో చేతిదో తీసి కూతురికి ఇచ్చెయ్యమంటుంటే మాత్రం ఆగకండి. చేసుకోవాలన్న ఆలోచన గట్టిగా ఉందని తెలిస్తే ఒంటరిగా వదలకుండా, తెల్లారేదాకా చూడకుండా దవాఖానకు తీసుకెళ్లండి. రాత్రయితే 14416 కు ఫోన్ చేయండి. అది 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ నంబరు. పైసా ఖర్చు లేదు, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

మరొక్కటి. మీ వైపు పత్తి వేసే ఇళ్లలో పురుగుల మందు డబ్బా మంచం కిందో, అటక మీదో, పశువుల కొట్టంలోనో ఉంటుంది. అత్తమ్మ ఏం చెప్పినా, చెప్పకపోయినా, ఆ డబ్బాలను ఈ రోజే తాళం వేసే చోట పెట్టి తాళంచెవి మీ దగ్గర ఉంచుకోండి. వీలైతే ఇంట్లోంచే తీసేసి చుట్టాల దగ్గర పెట్టండి. చచ్చిపోవాలన్న ఆవేశం చాలామందిలో కొద్దిసేపే గట్టిగా ఉంటుంది. ఆ కొద్దిసేపు చేతికి మందు దొరకకపోవడం వల్ల బతికి బట్టకట్టినవాళ్లు ఎంతోమంది. షుగర్ గోలీలు, కొత్త గోలీలు కూడా మీ దగ్గరే ఉంచి ఏ పూటవి ఆ పూట ఇవ్వండి. కేసవుతుందన్న భయంతో దవాఖానలో ఈ సంగతి దాచకండి. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, చచ్చిపోయే ప్రయత్నం చేసిన మనిషిని కూడా తీవ్రమైన బాధలో ఉన్న మనిషిగా చూడాలి తప్ప శిక్షించకూడదు. ఆలోచన వస్తోందని డాక్టర్‌కు చెప్పుకుంటే ఏ కేసూ ఉండదు.

ఇక మీ మొదటి ప్రశ్న. నొప్పులకు పోతే మనసు జబ్బంటారా? అంటారు, ఎందుకంటే ఆ జబ్బు ఎక్కువగా నొప్పుల రూపంలోనే దవాఖానకు వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 14 దేశాల్లో మామూలు దవాఖానలకు వచ్చే రోగులను పరీక్షించింది. ఆ దవాఖానల్లో మన బెంగళూరువి కూడా ఉన్నాయి. డిప్రెషన్ ఉన్నట్టు తేలిన 1,146 మందిలో 69 శాతం మంది డాక్టర్‌కు చెప్పుకున్నవి ఒంటి బాధలే. మనసు బాగాలేదని వాళ్లు తమంతట తాము చెప్పలేదు. 1999లో అచ్చయిన ఈ లెక్క చూస్తే ఇది మన పల్లెటూరి ఆడవాళ్ల తీరు మాత్రమే కాదని, అన్ని దేశాల్లోనూ ఉందని తెలుస్తుంది.

నల్గొండ, పాలమూరు పల్లెల దవాఖానల్లో ఇది ఎలా జరుగుతుందో నాకు బాగా తెలుసు. పొద్దున తొమ్మిదిన్నరకే ఓపీ చీటీల దగ్గర వరస. మనిషికి రెండు నిమిషాలు దొరికితే ఎక్కువ. యాభై దాటిన ఒకామె లోపలికొచ్చి చేతిలోని ప్లాస్టిక్ కవరు బల్ల మీద పెడుతుంది. అందులో మడతలు పడ్డ ఎక్స్‌రే, మూడు ఊళ్ల చీటీలు, సగం వాడిన నొప్పి గోలీల అట్టలు, గ్యాస్ గోలీలు, ఎర్రటి టానిక్ సీసా. ‘పానం బాగుంటలేదు సారూ, ఒళ్లంతా గుంజుతున్నది’ అంటుంది. డాక్టర్ కవరు తిరగేస్తాడు, బీపీ చూస్తాడు, ఇంకో నొప్పి గోలీ, ఇంకో గ్యాస్ గోలీ రాస్తాడు. నిద్ర పడుతోందా, అన్నం సయిస్తోందా, ఈ మధ్య దేని మీదైనా మనసు పోతోందా అని ఎవరూ అడగరు. ఆమె తనంతట తాను చెప్పదు. ఆ కవరు ఏటేటా లావవుతూ ఉంటుంది. డిప్రెషన్, ఆందోళన లాంటి సాధారణ మానసిక సమస్యలున్న ప్రతి 100 మందిలో దాదాపు 85 మందికి వైద్యం అందడం లేదని 2015–16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చెప్పింది. ఈ కవర్లు పట్టుకుని తిరిగేవాళ్లలో చాలామంది ఆ 85 మందిలోని వాళ్లే. అందుకే మీ డాక్టరమ్మ అంత రద్దీలో ఆగి తొమ్మిది ప్రశ్నలు అడగడం నా దృష్టిలో పెద్ద పని. ఆమెను వదులుకోకండి.

ఆ తొమ్మిది ప్రశ్నలూ గత రెండు వారాల గురించే. పనుల మీద ఆసక్తి, దిగులు, నిద్ర, నీరసం, ఆకలి, తన మీద తనకు చులకన, ఏకాగ్రత, మనిషి మందగించడం లేదా కుదురు లేకపోవడం, చివరిది చావు ఆలోచన. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు, మొత్తం 27. పది, ఆపైన వస్తే డాక్టర్ శ్రద్ధగా చూడాల్సిందే. ఇది రక్తపరీక్ష కాదు, జవాబు ఎంత నిజమైతే ఫలితం అంత నిజం. మీరు చెప్పిన జవాబులతోనే డిప్రెషన్ అని తేలింది. ఆమె చెప్తే ఇంకెంత ఉండేదో. ఈసారి వెళ్లినప్పుడు ‘మేడం, పోయినసారి నేనే చెప్పాను, మళ్లీ ఆమెనే అడగండి, నేను బయట ఉంటా’ అనండి. ఈ ఒక్క మాటతో డాక్టర్ పని సగం సులువవుతుంది.

మనసు జబ్బు అన్నారంటే నొప్పులు ఉత్తవే అన్నట్టు కాదు. ఇక్కడే మీ ఆయన, మీరు పొరబడుతున్నారు. మెదడులో మనసు తీరును నడిపే రసాయనాల్లో కొన్ని, సెరటోనిన్ లాంటివి, నొప్పిని తగ్గించి ఉంచే పని కూడా చేస్తాయి. అవి తప్పితే, పొలం పనిచేసిన ఒంట్లో మామూలుగా ఉండే నొప్పే పది రెట్లుగా తెలుస్తుంది. నిద్ర లేకపోతే ఇంకా పెరుగుతుంది. స్కానింగ్‌లో కనబడదు కానీ నొప్పి నిజం. నాటకమాడే మనిషి చూసేవాళ్లున్నప్పుడే ఆడుతుంది. అత్తమ్మ ఎవరూ చూడని వేళ, తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో లేచి కూర్చుంటోందా? ఇష్టంగా తినేది వద్దంటోందా? మనవలు ఒళ్లో ఎక్కితే కూడా ముఖం విప్పారడం లేదా? రెండు రోజులు గమనించండి. మీ ఆయన వచ్చినప్పుడు ఆయన్నీ గమనించమనండి. నెలకు రెండుసార్లు వచ్చే కొడుకు అమ్మ లేచి తిరగడం చూస్తాడు, రాత్రి ఆమె ఎలా గడుపుతోందో చూడడు. ఒక్కసారి ఆయన్నే దవాఖానకు వెంట తీసుకెళ్లమనండి. మీరు పదిసార్లు చెప్పిన దానికంటే డాక్టర్ ఒకసారి చెప్పింది ఎక్కువ ఎక్కుతుంది.

నొప్పులకు ఒంట్లో వేరే కారణం కూడా ఉండొచ్చు. రెండూ కలిసి ఉండడం సర్వసాధారణం. షుగర్ లేనివాళ్ల కంటే షుగర్ ఉన్నవాళ్లలో డిప్రెషన్ దాదాపు రెట్టింపు. ఆమె వాడేది మెట్‌ఫార్మిన్ అయితే, ఏళ్ల తరబడి వాడినవాళ్లలో కొందరికి బీ12 విటమిన్ తగ్గుతుంది. దాంతో నీరసం, కాళ్ల తిమ్మిర్లు, మనసు కుంగడం రావచ్చు. థైరాయిడ్ తక్కువైనా, రక్తం తక్కువైనా ఇవే లక్షణాలు. మీరు చేయించిన ఖరీదైన స్కానింగ్‌ల కంటే ఈ మూడు రక్తపరీక్షలు ముఖ్యం, కవరులో ఉన్నాయేమో చూడండి. లేకపోతే డాక్టరమ్మను అడగండి. ఇంకా, మీది నల్గొండ జిల్లా. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు బోరు నీళ్ల ఫ్లోరైడ్ ఎన్ని తరాల ఎముకలను వంచిందో మీకు చెప్పక్కర్లేదు. 2015లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథకు పైలాన్ వేసింది కూడా అందుకే. భగీరథ నీళ్లు రాకముందు పాతికేళ్లు బోరు నీళ్లే తాగిన మనిషికి నడుము, మెడ పట్టేయడం ఉంటే అది కూడా డాక్టర్‌కు చెప్పండి. ఫ్లోరైడ్ నొప్పి ఉందని తేలినంత మాత్రాన డిప్రెషన్ లేదని కాదు. ఏళ్లపాటు నొప్పితో బతికే మనిషికి రంది పట్టడం వింతేమీ కాదు.

ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ మాత్రం వెంటనే ఆపండి. షుగర్ ఉన్న మనిషికి గ్లూకోజ్ ఎక్కించడమేమిటి? 5 శాతం డెక్స్‌ట్రోజ్ అర లీటరు బాటిల్‌లో 25 గ్రాముల చక్కెర నేరుగా రక్తంలోకి పోతుంది. నొప్పులకు వేసే సూదుల్లో స్టెరాయిడ్ ఉంటే షుగర్ ఇంకా ఎగబాకుతుంది. అయినా ఆమె వారం వారం ఎందుకు పోతుందో ఆలోచించండి. ఆ గంటసేపు ఆమెను మంచం మీద పడుకోబెట్టి, చేయి పట్టుకుని, ఎట్లున్నవమ్మా అని ఒక మనిషి అడుగుతాడు. ఆమెకు కావలసింది అదే. అది ఇంట్లోనే దొరికితే బాటిల్ కోసం తిరగడం తగ్గుతుంది.

గోలీల సంగతి. మీరు పేరు రాయలేదు. ప్రాథమిక కేంద్రాల్లో మామూలుగా ఇచ్చేవి ఫ్లూయాక్సెటిన్, ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్ లాంటివి. ఇవి మొదలుపెట్టిన వారం పది రోజులు కడుపులో తిప్పడం, తలనొప్పి, కొంచెం గాబరా ఉంటాయి. అన్నం తిన్నాక వేసుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. చెడ్డ సంగతేమిటంటే ఈ ఇబ్బందులు మొదటి రోజుల్లోనే వస్తాయి, మేలు మాత్రం రెండు నుంచి నాలుగు వారాలకు గానీ తెలియదు. అందుకే అత్తమ్మలాగే చాలామంది ఐదో రోజుకు, పదో రోజుకు మానేస్తారు. ఈ సంగతి ముందే చెప్పి ఉంటే ఆమె ఓర్చుకునేదేమో. మళ్లీ మొదలుపెట్టవచ్చు. కానీ డాక్టరమ్మకు ఆపిన సంగతి చెప్పి, తక్కువ మోతాదుతో మొదలుపెట్టాలో, గోలీ మార్చాలో అడిగి మొదలుపెట్టండి.

అలవాటవుతాయన్నది నిద్ర గోలీల విషయంలో నిజం. అల్ప్రాజోలం, డైజిపామ్ లాంటివి మెడికల్ షాపులో చీటీ లేకుండా కొని నెలల తరబడి వేసుకుంటే అవి లేకుండా నిద్ర పట్టదు. డిప్రెషన్ గోలీలు వాటిలాంటివి కావు, వాటి కోసం మనిషి తహతహలాడదు. జీవితాంతం కూడా అక్కర్లేదు. మొదటిసారి వచ్చినవాళ్లు బాగయ్యాక కనీసం ఆరు నెలలు కొనసాగించి, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటే సరిపోతుంది. బాగయింది కదా అని మధ్యలో ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చిరాకు వస్తాయి, జబ్బు తిరగబెట్టే అవకాశం కూడా ఉంది. ఒక జాగ్రత్త. ఈ గోలీలకు తోడు డైక్లోఫెనాక్ లాంటి నొప్పి గోలీలు రోజూ మింగితే కడుపులో రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరుగుతుంది. షుగర్ ఉన్నవాళ్ల కిడ్నీలకు కూడా ఆ నొప్పి గోలీలు చేటు. ఆర్‌ఎంపీ ఇచ్చినవి, షాపులో కొన్నవి అన్నీ డాక్టరమ్మకు చూపించండి. అత్తమ్మ సాయంత్రం కల్లు తాగే మనిషైతే సిగ్గుపడకుండా అదీ చెప్పండి. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్ కలపడం పాలమూరు వైపు అందరికీ తెలిసిన సంగతే. అది ఉన్నట్టుండి ఆపితే వణుకు, ఫిట్స్ దాకా పోవచ్చు. డాక్టర్‌కు తెలిసి తీరాలి.

‘పిచ్చి గోలీలు’ అన్నవాళ్లతో వాదన పెట్టుకోకండి. మన వైపు ఎవరికి మనసు బాగాలేదన్నా ఎర్రగడ్డ పేరెత్తడం ఒక అలవాటు. డిప్రెషన్ ఉన్నవాళ్లలో చాలామందికి ఎర్రగడ్డ దాకా పోవాల్సిన అవసరమే రాదు, ఊరి దగ్గరి దవాఖానలోనే నయమవుతుంది. షుగర్ గోలీతో పాటు ఇంకో గోలీ ఇచ్చారని చెప్పండి, చాలు. అది అబద్ధం కూడా కాదు. చెర్వుగట్టుకు అమావాస్య నాడు తీసుకెళ్లమని ఎవరైనా అంటే, ఆమెకు ఇష్టమైతే తీసుకెళ్లండి. గుడికి పోతే, నలుగురిలో ఒక రాత్రి నిద్ర చేస్తే కొందరికి మనసు నిమ్మళమవుతుంది. గోలీలు మాత్రం వెంట తీసుకుపోవాలి.

ఇంట్లో ఏం చేయాలో చెప్పే ముందు గోవా సంగతి చెప్తాను. అక్కడ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన డిప్రెషన్ రోగులతో, మనోవైద్యం చదవని స్థానికులకే శిక్షణ ఇచ్చి మాట్లాడించారు. ఒక్కో రోగితో 6 నుంచి 8 సార్లు కూర్చున్నారు. ఫలితాలు 2017లో వచ్చాయి. మామూలు వైద్యం ఒక్కటే అందినవాళ్ల కంటే వీళ్లలో ఎక్కువమంది కోలుకున్నారు. వాళ్లు చేయించింది ఏమిటంటే, మనసు బాగయ్యాక పని చేద్దామని ఎదురుచూడకుండా, ఒకప్పుడు ఇష్టంగా చేసిన చిన్న పనిని ముందు మొదలుపెట్టించడం. మనసు తర్వాత దాని వెంట వస్తుంది. ఇది మీరూ చేయొచ్చు.

అయితే ఇంటిచాకిరీ అప్పజెప్పడం కాదు. మామయ్య ఉన్నప్పుడు అత్తమ్మకు ఏది తన పనిగా ఉండేదో గుర్తు చేసుకోండి. పత్తి ఏరడానికి ముఠాను పిలుచుకురావడమా? గేదె పాల లెక్కా? మిరపకాయ పచ్చడి ఆమె పెడితేనే కుదిరేదా? మొగుడు పోయిన ఆడమనిషి మన దగ్గర ఒక్కరోజులో చాలా పోగొట్టుకుంటుంది. శుభకార్యంలో ముందుకు రానివ్వరు, పొలం సంగతి ఎవరూ అడగరు, పైసలు కొడుకు చేతిలోకి పోతాయి. ఆ మనాదిలో ఏడాది గడిచేసరికి అది ఒంటి నొప్పిగా మారుతుంది. పింఛను పైసలు ఆమెనే వెళ్లి తెచ్చుకోనివ్వండి, ఆమె దగ్గరే ఉండనివ్వండి. పచ్చట్లో ఉప్పు ఎంతెయ్యాలో ఆమెను అడగండి. తెలిసినా అడగండి. సాయంత్రం ఎండ తగ్గాక చిన్న మనవడిని ఇచ్చి వాడకట్టు చివరిదాకా నడిపించండి, షుగర్‌కు కూడా మంచిది. పగలు గంటలకొద్దీ పడుకోనివ్వకండి, రాత్రి నిద్ర పోతుంది. పొద్దుగూకాక చాయ్ వద్దు. మొదట్లో ఆమె ఏదీ వద్దనే అంటుంది. రోజుకు ఒక్కటి చేయిస్తే చాలు. ‘నువ్వే ధైర్యం తెచ్చుకోవాలె’ అని మాత్రం అనకండి. ఆ ధైర్యం తెచ్చుకునే శక్తినే ఈ జబ్బు తినేస్తుంది.

మీ గురించి కూడా. కోపం వస్తోందని రాసినందుకు మిమ్మల్ని నేను మెచ్చుకుంటున్నాను. మొగుడు ఊళ్లో ఉండడు, పిల్లలు, పొలం, పైన మూలిగే మనిషి. కోపం రాకపోతేనే ఆశ్చర్యం. పాలమూరు నుంచి ముంబై, పుణెకు వలసపోయిన ఇళ్లలోనూ ఇలాగే ముసలివాళ్ల భారమంతా ఒక్క ఆడమనిషి మీద పడడం చూస్తుంటాం. నెలకోసారి ఆడబిడ్డను పిలిపించి నాలుగు రోజులు ఉండమనండి. అత్తమ్మకూ కూతురితో మాట్లాడుకునే వీలు దొరుకుతుంది. ఆశ కార్యకర్తకు కూడా సంగతి చెప్పి ఉంచండి, గోలీలు వేసుకుంటోందా అని ఆమె వచ్చి అడిగితే ఇంట్లో వాళ్లు అడిగినట్టు ఉండదు. ఇక మీకే రెండు వారాలుగా నిద్ర పట్టకపోయినా, ఊరికే ఏడుపొస్తున్నా, ఆ తొమ్మిది ప్రశ్నలు మీకూ వేయించుకోండి. 14416 మీకు కూడా పనికొస్తుంది.

ఈ వారంలోనే ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. పాత కవరు మొత్తం, అన్ని గోలీల అట్టలు పట్టుకెళ్లండి. గోలీ మొదలుపెట్టిన రెండు వారాలకు ఒకసారి చూపించండి, నెలకు మళ్లీ చూపించండి. సరిగ్గా వేసుకున్నా ఆరు వారాలకు ఏ తేడా లేకపోయినా, తిండి మానేసినా, తనలో తాను మాట్లాడుకుంటున్నా, చావు మాట మళ్లీ మళ్లీ వస్తున్నా నల్గొండ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి రాసిమ్మని డాక్టరమ్మనే అడగండి. 2019లో అక్కడ ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది, మనోవైద్య విభాగం ఓపీ ఉంటుంది. పాలమూరు వైపు ఉండి ఇది చదువుతున్నవాళ్లకు మహబూబ్‌నగర్‌లో 2016లో మొదలైన మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. చీటీ తీసుకునేటప్పుడు ఏ రోజు ఏ డాక్టర్ ఉంటారో కనుక్కుని వెళ్తే ఒక రోజు కూలి, బస్సు చార్జీ వృథా కావు.